కట్ట తెగిన ఆదివారం

మే నెల, మూడో ఆదివారం. నంద్యాల, మా ఇంటి ముందు గది. మధ్యాహ్నం, భోజనాలైన తర్వాత.

హాజరైనవారు: నేను. నా భార్య. ఆళ్ళగడ్డ నుంచి పొద్దున బస్సుకు వచ్చిన మా అమ్మాయి. తొమ్మిదేళ్ళ మనవరాలు, ట్యాబును గుండెకు అదుముకుని. అల్లుడు ఫోనులో, కాసేపు. "ఆమె ఎట్ల చెప్తే అట్లనే మామా" అని, సిగ్నల్ లేదంటూ పెట్టేశాడు.

డైరీలో ప్రతి పేజీ పైన తేదీ, స్థలం, హాజరు రాయడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. కాలువ పోయింది, హాజరు మిగిలింది. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళివ్వడానికి ముందు మనసులో హాజరు వేసుకుంటానని నా భార్య అందరికీ చెబుతుంది. అది నిజమే కాబట్టి నేనెప్పుడూ ఖండించలేదు.

ఆ రోజు విషయం మనవరాలి ఆట. సెలవులకు మా దగ్గర వదిలిన పిల్లను మరుసటి రోజు పొద్దున బస్సుకు తీసుకుపోవడానికి మా అమ్మాయి వచ్చింది. ఆళ్ళగడ్డ చర్చిలో పిల్లలకు వేసవి తరగతులు సోమవారం మొదలు. వాటికి మా అమ్మాయే టీచరు. మామూలు రోజుల్లో బడిలోనూ టీచరే. వచ్చీ రాగానే మాతో నంద్యాలలో చర్చికి వచ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు బయట పందిరి కింద మాట్లాడుకుంటుంటే, మనవరాలు బెంచీ మీద కూర్చుని ట్యాబులో ఆడుకుంటూ ఒక్కసారిగా పకపకా నవ్వింది. పక్కనున్న ఒకావిడ వంగి చూసింది. చూసి, మా అమ్మాయిని పిలిచింది.

"ఏందక్కా ఇది? టీచరు బిడ్డ చేసే పనేనా?"

ట్యాబులో ఒక ఊరుంది. మనవరాలు దసరా సెలవుల్లో మొదలుపెట్టి కట్టుకుంటూ వచ్చిన ఊరు. ఆ ఊళ్ళో ఒకతను మంచం మీద నిద్రపోతున్నాడు. మనవరాలు అతని మంచం కింద గొయ్యి తవ్వుతోంది. మంచం, మనిషి, పక్కనే కట్టేసిన బర్రె, ముగ్గురూ కలిసి గోతిలో పడ్డారు. ఆ నవ్వు అందుకు.

అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చి మా అమ్మాయి చెప్పింది: "రేపు బస్సెక్కేలోపల ఆ ఆట తీసేస్తా. మళ్ళా ఆ మాట ఎత్తొద్దు."

ఆట తీసేస్తే ఊరు కూడా పోతుందట. మళ్ళీ వేసుకున్నా ఆ ఊరు రాదట. ఇది మనవరాలు తనంతట తాను చెప్పలేదు. ట్యాబు పట్టుకున్న వేళ్ళు చూసి నా భార్య అడిగి తెలుసుకుంది.

"పోనీలేవే, బొమ్మల ఊరేగా," అంది నా భార్య.

"బొమ్మలే మా. మనసు బొమ్మ కాదు గదా. నిద్రపోయేవాళ్ళని గోతిలో ఏసి నవ్వుతాంది. ఈ వయసులోనే ఇట్లుంటే రేపు ఎట్లయితాది?"

"నువ్వు చిన్నప్పుడు క్వార్టర్సులో వరండా స్తంభాలకి పాఠం చెప్పి, జవాబు చెప్పలేదని బెత్తంతో కొట్టేదానివి. సున్నం రాలిపోయేది. మీ నాయన ఏటా రెండుసార్లు కొట్టించేవాడు సున్నం."

"అది వేరే."

"స్తంభాలనడుగు వేరేనో కాదో."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "నాయనా, నువ్వు చూడు. కూర్చోని, పూర్తిగా చూసి చెప్పు. నువ్వు ఏది చెప్తే అది."

నా మాట మీద దానికి ఆ నమ్మకం ఎందుకంటే, వంతు తప్పి నీళ్ళు పారించుకున్నందుకు సొంత బావమరిది మీద రిపోర్టు రాసినవాణ్ణి నేను. నా భార్యకు కూడా అది ఇంకా గుర్తుంది, వేరే రకంగా.

మా అమ్మాయి కూలర్ వేసుకుని లోపలి గదిలో పడుకుంది. నేను అద్దాలు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, మనవరాలి పక్కన మంచం మీద కూర్చున్నాను. తనిఖీ మొదలైంది.

ఊరు బాగుంది. అన్నీ డబ్బాల్లాంటి ఆకారాలే. మనుషులూ డబ్బాలే, గొర్రెలూ డబ్బాలే. కానీ వీధి సూటిగా ఉంది. బడి, చర్చి, బావి ఉన్నాయి. ఇళ్ళకు తలుపులున్నాయి. పశువుల కొట్టం ఇళ్ళకు దూరంగా ఉంది. ఊరికి పైన మిట్ట మీద ఒక చెరువు, దానికో కట్ట. ఇవన్నీ రాసుకున్నాను. తర్వాత మా అమ్మాయి చెప్పిపోయిన అభియోగాలకు వచ్చాను.

"గొర్రెని మిద్దె మీదికి ఎక్కించి నిచ్చెన తీసేసినావంట. ఎందుకు?"

"దిగుతాదా లేదా అని."

"దిగిందా?"

"దూకింది."

"మరి రెండోదాన్ని ఎందుకు ఎక్కించినావ్?"

"మొదటిదానికి ఏమన్నా తెలివెక్కువేమోనని."

రెండో కొలత తీసుకోకుండా మొదటిదాన్ని నమ్మకూడదని కింది సిబ్బందికి ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కరూ వినలేదు.

"మంచం కింద గొయ్యి?"

"పడితే మేలుకుంటాడా, అట్లే నిద్రపోతాడా చూద్దామని."

"మేలుకున్నాడా?"

"బర్రె మంచమెక్కి పండుకుంది తాతా. ఆయప్ప పక్కన నిలబడుకున్నాడు." మళ్ళీ నవ్వొచ్చింది దానికి. లోపలి గది వైపు చూసి నోరు మూసుకుంది.

"ఇవన్నీ మన వీధిలో చేస్తావా?"

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "మన వీధిలో గొర్రెకి దెబ్బ తగుల్తాది గదా తాతా."

ఈ జవాబు రాసుకుని కింద గీత గీశాను. నిజానికి తనిఖీ అక్కడితో ముగించి ఉండాల్సింది. పిల్లకు ఏది గొర్రె, ఏది బొమ్మ తెలుసు. అది తెలిసిన తర్వాత బొమ్మతో ఏం చేసినా అది తెలుసుకోవడమే. మేమూ చిన్నప్పుడు వాన నీళ్ళకు వీధిలో మట్టికట్ట వేసేవాళ్ళం. వేసింది నిలబెట్టుకోవడానికి కాదు. నీళ్ళు నిండేదాకా ఆగి మడమతో ఒక్క తన్ను తన్నడానికి. కట్టేటప్పుడు కొట్లాటలు వచ్చేవి, తన్నేటప్పుడు అందరం ఒకటే. అంతమంది పిల్లల్లో ఎవరూ పెద్దయ్యాక చెడిపోలేదు. ఒకడు కాలువల శాఖలో చేరాడు.

ఇంతలో మనవరాలు అడిగింది: "తాతా, ఈ కట్ట బాగుందా?"

బాగాలేదు. తూము ఉండాల్సిన చోట లేదు. కట్ట పైన వెడల్పు చాలదు. చెప్పాను. చెప్పినట్టే మార్చింది. నా జీవితంలో చెప్పిన వెంటనే పని జరగడం అదే మొదలు.

"ఇప్పుడు తెగదా?"

"తెగదు."

"తెగితే?"

"తెగనియ్యం."

"అదే తాతా, తెగితే ఎట్లుంటాది? నీళ్ళు ముందు యాడికి పోతాయి? నువ్వు చూసినావా?"

చూడలేదు. నా సెక్షన్లో ఒక్కసారి కూడా గండి పడలేదు. అది నా గర్వం. వానల్లో గొడుగు పట్టుకుని, ఇసుక మూటలు వేయించి, కాలువ కాపలా లస్కర్లను నిద్రపోనివ్వకుండా కాపాడిన కట్ట. గండి పడితే ఎలా ఉంటుందని భయపడుతూనే ఉద్యోగమంతా గడిచింది. అది ఎలా ఉంటుందో చూడకుండానే రిటైరయ్యాను. పిల్ల అడిగేదాకా నాకు చూడాలని ఉన్నట్టు తెలియదు.

"కొడదామా తాతా?" అంది, గుసగుసగా.

"ముందు జనానికి చెప్పాల," అన్నాను.

కాలువలోకి నీళ్ళు వదిలేముందు కింది ఊళ్ళలో దండోరా వేయించడం మా పద్ధతి. గండి కొట్టేముందు వేయించాలని ఏ నియమంలోనూ లేదు, ఎందుకంటే గండి కొట్టే పని మా శాఖ ఎప్పుడూ చేపట్టలేదు. అయినా పద్ధతి పద్ధతే.

"వాళ్ళకి మాటలు రావు తాతా. గంట ఉంది. కొట్టనా?"

కొట్టింది. జనమంతా ఉరుక్కుంటూ ఇళ్ళలోకి పోయి తలుపులేసుకున్నారు.

"ఏందీ, లోపలికి పోతాండారు? మిట్టెక్కమను!"

"గంట కొడితే ఇండ్లలోకి పోతారు తాతా. వాళ్ళకి అంతే తెలుసు."

అయితే ఒక్కొక్కరినే నడిపించుకుని పోవాలి. చెరువుకు ఎదురుగా ఒక గుట్టను ఎంచుకున్నాను. మనవరాలు ఒక్కో మనిషిని వెనక నుంచి తోసుకుంటూ తీసుకుపోతుంటే నేను కాగితం మీద టిక్కులు పెట్టాను. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, గొర్రెలు, కోళ్ళు. ఆకుపచ్చ అంగీ వేసుకున్న ఒకడు మాత్రం గుట్ట ఎక్కించిన ప్రతిసారీ దిగి ఇంటికి పోతున్నాడు.

నా భార్య మజ్జిగ తెచ్చింది. చాలాసేపైనా చప్పుడు లేకపోతే చూద్దామని వచ్చిందట.

"వాణ్ణి వదిలేయండి, వాడి ఖర్మ," అంది కాసేపు చూసి.

"వదిలేస్తే రేపు ఎవరు జవాబు చెప్పాల?"

"ఎవరికి?"

నా భార్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి మనవరాలి అవతలి పక్క కూర్చుంది. "ఇంటి కప్పు పీకేయవే. ఎండకి వాడే బయటికొస్తాడు."

కప్పు పీకేశారు. వాడు రాలేదు. తలుపు పీకేశారు. రాలేదు. "మంచం పీకేయ్," అంది నా భార్య. చర్చిలో స్త్రీల సమాజానికి ఎన్నో ఏళ్ళు కార్యదర్శిగా ఉన్న మనిషి. మంచం పోయాక వాడు నేల మీద నిలబడి గోడను చూస్తున్నాడు. "గోడ కూడా పీకు. నాకియ్యి, నేను పీకుతా." ట్యాబు తీసుకుని వేలితో పొడిచింది. గోడ పోలేదు గానీ గుట్ట మీది కోడి ఒకటి ఎగిరి బావిలో పడింది. "అయ్యో!" అంది నా భార్య. వెంటనే, "ఇంకోసారి చూపించు, ఎట్ల పడిందో," అంది.

చివరికి ఆకుపచ్చ అంగీవాణ్ణి మళ్ళీ గుట్టెక్కించి, దిగకుండా చుట్టూ నాలుగు పక్కలా రాళ్ళు పేర్పించి, నా వంతు బాధ్యత తీరిందనుకున్నాను. కాగితం మడిచాను. "కానియ్యి," అన్నాను.

మనవరాలు కట్టకు నడిమధ్యన ఒక్క రాయి తీసింది.

మొదట సన్నటి ధార. పక్క రాయి. ఇంకో రాయి. తర్వాత చెరువు చెరువంతా ఒక్క గోడలాగా లేచి వీధిలోకి దిగింది. కొట్టం మునిగింది. తలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మునిగాయి. నీళ్ళు నేననుకున్న వైపు పోలేదు. ఎడమకు తిరిగి, బడి వెనకగా చుట్టుకుని, గుట్ట కింద కలుసుకున్నాయి. జనమంతా పైన పొడిగా నిలబడి ఉన్నారు. నేనెప్పుడు మంచం దిగానో, ఎప్పుడు చేతులు పైకెత్తానో తెలియదు.

"తెగింది! కట్ట తెగింది!" అని అరిచాను.

కాలువ కట్టను ఆనుకుని క్వార్టర్సులో పెరిగిన పిల్లలకు నేను నేర్పిన పద్ధతి ఒకటుంది. ఆ అరుపు వినబడగానే ఏమీ అడక్కూడదు. బియ్యం మూట మంచం మీదికి, దుప్పట్లు అటక మీదికి, సర్టిఫికెట్లు చంకలోకి. ఏటా వానలకు ముందు ప్రాక్టీసు కూడా చేయించేవాణ్ణి. లోపలి గదిలో దబ్బుమని ఏదో పడింది. మా అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది. ఒక చేత్తో బియ్యం బస్తా ఈడ్చుకుంటూ, చంకలో నా పెన్షను కాగితాల ఫైలు, భుజం మీద రెండు దుప్పట్లు, కళ్ళు సగం మూతలు.

"పాప యాడుంది? పాపని పైకెక్కించండి!"

దాని వెనకే వీధి తలుపులో పక్కింటాయన కనబడ్డాడు. లస్కరుగా నా కింద చేసి రిటైరైనవాడు. పార చేతిలో, ఖాళీ గోనెసంచులు చంకలో, పైన బనియను.

"యాడ సార్? యాడ తెగిండేది?"

కాలువకు నీళ్ళు ఆపి చాలా రోజులైంది. అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. ఆ సంగతి వాళ్ళిద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. మనవరాలు ట్యాబును అటు తిప్పి చూపించింది.

పక్కింటాయన చాలాసేపు చూశాడు. పార గోడకు ఆనించాడు. "సార్, మనోళ్ళు చచ్చిపోయినారా?"

"ఒక్కడు కూడా పోలేదప్పా. అందర్నీ గుట్టెక్కించినా."

"అయితే సరే," అని సంచులు మడుచుకుని వెళ్ళిపోయాడు.

మా అమ్మాయి బియ్యం బస్తా మీదే కూర్చుంది. నన్ను చూసింది, అమ్మను చూసింది. "మా, నువ్వేం చేసినావ్?"

"కోడి, బావిలో..." అని నా భార్య ఆపేసింది.

"నిన్ను చూసి చెప్పమంటి గదా నాయనా."

"నేను చెప్పేదానికి లేదింక. తనిఖీకి పోయినోడే గండి కొట్టి వచ్చినాడు."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఫైలు బల్ల మీద పెట్టి, దుప్పట్లు మడత పెడుతూ, "అయితే పొద్దున తీసేస్తా. చెప్పినా గదా," అంది.

మనవరాలు ఏడవలేదు. బతిమాలలేదు కూడా. "మా, ఒక్క మాట. వాళ్ళంతా గుట్ట మీదుండారు. ఇండ్లు ఎండినాక వాళ్ళని లోపలికి పంపిచ్చి, అప్పుడు తీసేయ్."

"ఆట పోతే వాళ్ళూ పోతారు గదే."

"అయినా ఇంట్లో ఉండి పోనీ."

సాయంత్రమంతా మనవరాలు కట్ట పూడ్చి, నీళ్ళు తోడి, పీకిన కప్పు, తలుపు, మంచం తిరిగి పెట్టి, ఒక్కొక్కరినే ఇంటికి నడిపించింది. నేను టిక్కులు పెట్టాను. మా అమ్మాయి బట్టల సంచి సర్దుతూ నాలుగైదు సార్లు ఇటు వచ్చింది. సంచిలో పెట్టాల్సినవి ఇటువైపు ఏమీ లేవు.

మరుసటి పొద్దున నేను నడకకు పోయి వచ్చేసరికి మా అమ్మాయి మెట్ల మీద ట్యాబుతో కూర్చుని ఉంది. స్నానమైంది, చీర కట్టుకుంది, సంచి పక్కన ఉంది. మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"నాయనా, ఈడికి రా. మెల్లగా."

తీసేద్దామనే కూర్చుందట. తీసేముందు ఎంతమంది ఇళ్ళల్లో ఉన్నారో ఒకసారి చూద్దామనిపించిందట. అందరూ ఉన్నారు, ఆకుపచ్చ అంగీవాడు తప్ప. వాడు చెరువు గట్టున తిరుగుతున్నాడు. పడిపోతాడేమోనని వాణ్ణి ఇంటికి తోలబోయి వేలు తప్పి కట్ట మీద నొక్కింది. ఒక రాయి ఊడింది. దాన్ని తిరిగి పెట్టబోతే ఇంకో మూడు ఊడాయి.

ట్యాబులో బడి కప్పు ఒక్కటే నీళ్ళ పైన కనిపిస్తోంది. ఈసారి దండోరా కూడా లేదు.

"పాప లేచేలోపల కట్టాల నాయనా. ఎట్ల పూడుస్తారు దీన్ని?"

"బస్సు?"

"పోనీ బస్సు!"

ఇద్దరం వంగి కూర్చున్నాం. అడుగు నుంచి వేసుకురావాలని నేను, పైన కప్పితే చాలని అది. నేను చూపించిన చోట కాకుండా పక్కన నొక్కుతుంది. "ఆడ కాదు, ఈడ." "ఈడే గదా నొక్కింది!" నా వేలు అడ్డొచ్చి చర్చి గోడ ఒకటి పోయింది. ఆ గోడ కూలడం చూసి మా అమ్మాయి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. అప్పుడే ఒక గొర్రె నీళ్ళలో తేలుతూ బడి కప్పెక్కి, మా వైపు తిరిగి నిలబడింది. మా అమ్మాయి ఇక ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వుకు మనవరాలు లేచి వచ్చింది. రేగిన జుట్టుతో వెనక నిలబడి చూసింది. మా అమ్మాయి ట్యాబును కొంగు కింద పెట్టుకోబోయి, అది కుదరక, అట్లే పట్టుకుంది.

"ఎవరు కొట్టినారు?"

నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను.

"అడిగి కొట్టింటే నేను చూపిచ్చేదాన్ని గదా మా. ఈ పక్క కొడితే ఊరంతా మునగదు, పొలాలే మునుగుతాయి." ట్యాబు తీసుకుని మధ్యలో కూర్చుంది. "తాతా, నువ్వు కోళ్ళు చూడు. మా, నువ్వు ఏమీ ముట్టుకోవద్దు."

నా భార్య ఉగ్గాని పళ్ళేలు మెట్ల మీదికే తెచ్చింది. వాళ్ళు తర్వాతి బస్సుకు పోయారు. చర్చికి ఆలస్యమవుతుందని ఫోను చేసినప్పుడు మా అమ్మాయి కారణం చెప్పలేదు. ట్యాబు దాని చేతిసంచిలోనే పోయింది. ఆట అందులోనే ఉంది. తీసేసే మాట ఎవరూ ఎత్తలేదు.

ఆళ్ళగడ్డలో దిగి మా అమ్మాయి వాళ్ళమ్మకు ఫోను చేసింది. సీటు దొరికిందా అని నా భార్య అడిగింది.

"సిరివెళ్ళ దాటేసరికి ట్యాబులో చార్జింగ్ అయిపోయింది మా," అని జవాబొచ్చింది.